పడసాల గోడకు ఏ టీవీ

ఆ ఏడు దీపావళికి మా అనంతకుమార్‌కి హోసూరు ఫ్యాక్టరీలో బోనసు వచ్చింది. వచ్చిన వారానికే గోడకు తగిలించే పెద్ద టీవీ కొందామన్నాడు. మా ఇంటాయన మల్బరీ ఆకు తరుగుతున్నవాడు కత్తి పక్కన పెట్టి తలెత్తాడు.

"ఉన్నదానికి ఏమైనాది?"

సర్కారు ఇంటింటికీ ఇచ్చిన పెట్టె టీవీ బీరువా మీద బాగానే ఆడుతోంది. అనంత నేల చూపులు చూశాడు.

"బొమ్మ చిన్నది నాయనా."

బొమ్మ కోసం కాదు. ఆ సంగతి నాకు తెలుసు, వాడికి తెలుసు, వాడి పెళ్ళాం రేణుకి తెలుసు. తెలియనిది ఆయన ఒక్కడికే.

మాది బాగలూరు దగ్గర పల్లె. మా అత్తగారి రోజుల్లో గొర్రెలుండేవి. నేను కాపురానికి వచ్చిన కొన్నేళ్ళకు ఆయన గొర్రెల్ని అమ్మి, ఉన్న చేనంతా మల్బరీ నాటి, పట్టుపురుగుల పెంపకం పట్టాడు. అప్పుడు మా ఇంటికి మట్టి గోడలు, జొన్న సొప్ప కప్పు. ఈ రోజు మీరొచ్చి చూస్తే మిద్దె ఉంటుంది, దాని నడుమ పడసాల ఉంటుంది, పది మంది పడుకునేంత వెడల్పు గది. ఆ ఇటుకలన్నీ పురుగులు అల్లిన పట్టుగూళ్ళు అమ్మి తెచ్చినవే. కట్టుకున్నది మేమైనా పడుకున్నది మేము కాదు. పడసాలలో పురుగులు, వసారాలో మేము. నేల నుంచి కప్పు దాకా స్టాండ్లు, వాటి మీద వెదురు తట్టలు, చీమ ఎక్కకుండా స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు. కిటికీలకు గోనెపట్టాలు, ఎందుకంటే పురుగుకి వెలుతురు ఎక్కువైతే ఆగదు. వంటింట్లో ఎర్రగడ్డ తిరగమోత పెట్టకూడదు, ఊదుబత్తి ముట్టించకూడదు, ముఖానికి పౌడరు రాసుకుని లోపలికి పోకూడదు. మా అనంత పుట్టినప్పుడు నాలుగో జ్వరం నడుస్తోంది. జ్వరమంటే పురుగు పొర విడిచే ముందు మేత మాని తలెత్తుకుని పడి ఉండే కాలం, దాన్ని మేము అట్లాగే అంటాం. బిడ్డ ఏడుపుకి పురుగు బెదురుతుందని వాడి ఊయల మా ఆయన పశువుల కొట్టంలో కట్టాడు. నేను కోపం పడ్డాను. ఆ గూళ్ళు అమ్మిన డబ్బుతో పిల్లాడికి వెండి మొలతాడు తెచ్చేసరికి ఊరుకున్నాను. ఆ మొలతాడు ఇప్పటికీ ఉంది, నా ట్రంకులో.

ఊళ్ళో మొదటి టీవీ గోవిందప్ప ఇంటికి వచ్చింది. నలుపూ తెలుపూ. ఊరంతా వాళ్ళ కిటికీ పట్టుకుని వేలాడేది. మా ఆయన ఒక్కనాడూ పోలేదు. "ఆ బొమ్మలు ఆకు తింటాయా?" అనేవాడు. అట్లాంటి మనిషి.

రేణుది రాయకోట. వాళ్ళ నాయన రాళ్ళు కొట్టే పని చేసేవాడు. పురుగంటే ఎట్లుంటుందో ఆ పిల్ల మా ఇంటికి వచ్చాకే చూసింది. మా ఇళ్ళల్లో కొత్త కోడలి చేత తట్టకు మొదటి ఆకు వేయిస్తాం. ఆ పంట బాగొస్తే పురుగు ఆ పిల్లను ఒప్పిందంటారు. రేణు వేసిన ఆకుకి గూళ్ళు రాళ్ళలాగా గట్టిగా, తెల్లగా వచ్చాయి. మా ఆయన హోసూరు గూళ్ళ మార్కెట్టులో కనబడిన ప్రతి మనిషికీ చెప్పాడు, "నా కోడలి చెయ్యి" అని. తన నోటితో ఒకరిని మెచ్చుకోవడం నేను వినడం అదే మొదలు.

రెండో చలికాలానికి ఆ పిల్లకు ఆయాసం మొదలైంది. తట్టలు ఊడ్చేటప్పుడు దగ్గు, ఊడ్చాక రొమ్ములో పిల్లి కూసినట్టు కూత. అనంత హోసూరులో డాక్టరుకి చూపించాడు. పురుగు దుమ్ము ఈ పిల్ల ఒంటికి పడదు, ఆ దుమ్ములో ఉన్నంత కాలం తగ్గదు, ఇట్లాగే నడిపిస్తే రొమ్ము పాడైపోతుంది అన్నాడంట. పీల్చే మందు ఇచ్చాడు. రేణు దాన్ని చీర కుచ్చిళ్ళ దగ్గర దోపుకుని, కొట్టంలోకి పోయి పీల్చుకుని వచ్చేది. రాయకోటకు పోతే నాలుగు రోజుల్లో నిమ్మళించేది. వస్తే మళ్ళీ అదే. వాళ్ళమ్మ నాతోనే అనింది, "ఇంగొక తూరి ఇట్ల ఎగబోస్తా వస్తే నేను పంపను వదినా" అని.

మామకు చెప్పవచ్చు కదా అంటారు మీరు. మా ఊళ్ళో శ్రీరామప్ప పెద్ద కోడలికి ఒళ్ళంతా దద్దుర్లు లేచి పురుగు పనికి రాలేకపోయింది. పురుగు ఒప్పని పిల్ల అన్నారు. పుట్టింటికి పంపినవాళ్ళు మళ్ళీ తోడుకుని రాలేదు. మా ఆయన అట్లా పంపేవాడని నేను అనను. కానీ రేణు భయం రేణుది. అంతగా మెచ్చుకున్న మామ దగ్గరికి పోయి, మీరు మెచ్చిన చెయ్యి ఇంక ఆకు వేయలేదు అని చెప్పడానికి ఆ పిల్లకు నోరు రాలేదు. నన్నూ చెప్పొద్దని చెయ్యి పట్టుకుంది.

చేనులో ఆకు కోస్తుంటే అనంత తన ఎత్తు నాకు చెప్పాడు.

"పెద్ద టీవీ గోడకు కొడితే ఎదురుగా స్టాండ్లు నిలపలేమమ్మా. చూడల్లంటే పడసాల ఖాళీ కావల్ల. అప్పుడు పురుగులు వెనక శెడ్డుకు పోతాయి. రేణు పేరు ఎత్తే పనే లేదు."

"మీ నాయనకు నువ్వు చెప్పలేనిది టీవీ చెప్తాదా?"

"చెప్పనీలేమ్మా. దానికి భయం లేదు కదా."

శెడ్డంటే ఇంటి వెనక రేకుల కొట్టం. ఒక చలికాలం అందులో పురుగు పెడితే సగం పంట చచ్చింది. మా ఆయన గుంత తవ్వి, గంపలతో పోసి పూడ్చాడు. ఆ తరువాత ఆకుమూటలు పెట్టుకోవడానికి తప్ప శెడ్డు తలుపు తీయలేదు. అందుకే నాకు భయం. ఆ మాట అంటే అనంత వినే దశలో లేడు.

ఆదివారం నేనూ, అనంతా, రేణూ హోసూరుకు బయలుదేరుతుంటే ఆయన తెల్ల చొక్కా తొడుక్కుని వసారాలో నిలబడి ఉన్నాడు.

"నేనూ వస్తా పదండి. ఇంట్లో పెట్టేది నేను చూడొద్దా?"

అనంత నా ముఖం చూశాడు. నేనేం చేయను.

హోసూరు బస్టాండు దగ్గరి అంగడి. లోపల గోడ నిండా టీవీలు, అన్నింటిలోనూ ఒకే బొమ్మ. ఒకే నది, ఒకే పడవ. అమ్మే ఆయన పేరు పురుషోత్తం, క్రిష్ణగిరి మనిషి, నోరు మంచిది. మమ్మల్ని కూర్చోబెట్టి రెండు టీవీలు చూపించాడు. రెండూ అద్దపు పలకల్లాగా పల్చగా ఉన్నాయి, నా కంటికి కవలపిల్లల్లాగా.

"ఏమప్పా, ఈ రెండిటికీ భేదమేమి?" అన్నాడు మా ఆయన.

"ఇది ఎల్‌సీడీ అప్పా. కరెంటు తక్కువ తింటుంది. పగటి వెలుతురులో కూడా బాగా కనబడుతుంది. ఒకటే, ఎదురుగా కూర్చోని చూడల్ల. పక్కకు పోయేకొద్దీ బొమ్మ వెలిసిపోతుంది."

అనంత వెంటనే అందుకున్నాడు. "అంటే ఎదురుగా చోటంతా ఖాళీగా పెట్టుకోవల్ల."

"అవును సార్. రెండు బారల దూరమన్నా ఉంటే బాగుంటుంది."

"విన్నావా నాయనా. నాకైతే ఇదే బాగుంది."

లోకంలో ఎవడైనా సామాను మంచిగుణం చూసి కొంటాడు. నా కొడుకు దాని లోపం చూసి ముచ్చటపడుతున్నాడు. నాకు నవ్వు వచ్చింది.

"ఇంగ ఈ రెండోది?" అన్నాడాయన.

"ఇది ప్లాస్మా. రంగు చూడండి అప్పా, నలుపు నలుపుగానే ఉంటుంది. చీకటి గదిలో పెట్టినారంటే దీన్ని మించింది లేదు. ఏ మూల కూర్చోని చూసినా బొమ్మ చెడదు."

"మూల నుంచి కూడానా?"

"వాకిలి దగ్గర నిలబడి చూసినా అంతే."

ఆయన లేచి పోయి ఆ మూల నిలబడ్డాడు, ఈ మూల నిలబడ్డాడు, అంగడి గుమ్మం దాకా పోయి తిరిగి చూశాడు. ముఖం వెలిగింది.

"మా పడసాల చీకటే అప్పా. నడుమ స్టాండ్లు ఉన్నా వసారా నుంచి చూసుకోవచ్చునన్నమాట."

అనంత పెదవి కొరుక్కున్నాడు. రేణు నా పక్కన కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది.

"కరెంటు శానా అవుతాది నాయనా దానికి. వేడి కూడా ఎక్కువంట. కదా సార్?"

పురుషోత్తం కొంచెం ఇబ్బంది పడ్డాడు. "వెచ్చగా ఉంటుంది, అది నిజమే. అది తప్పు కాదు సార్, దాని గుణమే అంత."

మా ఆయన దాని దగ్గరికి నడిచాడు. తట్ట మీద పురుగుకి వెచ్చన సరిపోయిందో లేదో చూసేటప్పుడు ఆయన అరచెయ్యి వాడడు, మీచెయ్యి, అంటే చేతి వెనక వైపు, ఆనిస్తాడు. అట్లాగే ప్లాస్మా వెనక మీచెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. తరువాత పోయి ఎల్‌సీడీ వెనక పెట్టాడు. మళ్ళీ ప్లాస్మా దగ్గరికే వచ్చాడు.

"ఎంత సేపు ఉంటాదప్పా ఈ వెచ్చన?"

"ఆడుతున్నంత సేపూ ఉంటుంది. ఏల?"

"పురుగులకి."

పురుషోత్తం నవ్వబోయి, ఈయన ముఖం చూసి ఆపుకున్నాడు. "వేడి అని వద్దనినోళ్ళు శానామంది ఉండారప్పా. వేడి కోసమే కావాలనింది మీరొక్కరే."

"మార్గళి నెల చలికి నాలుగు మూలలా కుంపటి పెట్టల్ల మేము. ఇదుంటే ఒక కుంపటి తగ్గదా?" అని, నా వైపు తిరిగాడు. "ఏమే, ఇట్లొచ్చి చెయ్యి పెట్టు. కుంపటి పని తప్పిపోతాది. పొగ ఉండదు. ఆ పొగకే కదా ఆ పిల్ల దగ్గుతా ఉండేది. నేను చూడలేదనుకుంటా ఉండారు మీరంతా."

నేను చెయ్యి పెట్టలేదు. అనంత ఏమని వాదిస్తాడు? ఆ మనిషి తనకు తోచినంతలో కోడలి కోసమే ఆ టీవీని ఎంచుకున్నాడు. ఆ పిల్ల ఊపిరి తీసే పురుగుల్ని పడసాలలోనే ఉంచే టీవీని, ఆ పిల్ల మీద జాలితో ఎంచుకున్నాడు.

"దీన్నే రాయప్పా బిల్లు" అన్నాడు.

పురుషోత్తం పెన్ను తీశాడు. అప్పుడు రేణు లేచింది.

మా ఇళ్ళల్లో కోడలు మామతో ఎదురుపడి మాట్లాడదు. చెప్పాల్సింది ఉంటే పక్కన ఉన్న మనిషికి చెబుతుంది, మనిషి లేకపోతే గోడకు చెబుతుంది. మామ వినాల్సింది వింటాడు. రేణు పురుషోత్తం వైపు తిరిగి నిలబడింది.

"అన్నా, దుమ్ము లేచే చోట పెట్టొచ్చునా దీన్ని?"

"ఏం దుమ్ము అక్కా?"

"పురుగు విడిచిన పొర, ఎండిన ఆకు, పైన చల్లే సున్నం. దినామూ తట్టలు ఊడుస్తాము. లేచిందంటే మనిషి కనబడదు."

"పెట్టకూడదక్కా. వెనకాల బొక్కలున్నాయి చూడు, వాటితో గాలి పీలుస్తుంది. దుమ్ము లోపలికి పోయిందంటే అడ్డుకుంటుంది."

"కుంపటి పొగ లేకపోయినానా?"

"పొగ లేకపోయినా. దుమ్ముకీ పొగకీ ఏం సంబంధం?"

"నాకూ డాక్టరు అదే చెప్పినాడన్నా." ఆ పిల్ల గొంతు చిన్నదైంది, కానీ ఆగలేదు. "ఎండాకాలంలో కుంపటి ఉండదు, అప్పుడూ ఊపిరి ఆడదు నాకు. రాయకోటకు పోతే ఆడతాది. మా ఇంట్లో పెద్దవాళ్ళు నా చెయ్యి మంచిదని ఊరంతా చెప్పుకున్నారు. వాళ్ళ ముందర ఈ మాట యాడ చెప్పేది? చెప్పకుండా ఇంకెన్ని దినాలు పీల్చేది?"

పురుషోత్తం పెన్ను పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. తనను అడుగుతోందో, ఇంకెవరితో అంటోందో ఆయనకు తెలియలేదు. గోడ మీద అన్ని టీవీల్లోనూ పడవలు పోతున్నాయి.

మా ఆయన చెయ్యి ఇంకా ప్లాస్మా వెనకే ఉంది. మెల్లగా తీసి పంచెకు తుడుచుకున్నాడు. రేణు వైపు చూడలేదు. నన్ను అడిగాడు.

"నీకు తెలుసునా?"

"తెలుసు."

"వానికి?"

"తెలుసు."

"అట్లయితే తెలియంది నా ఒక్కడికే." తరువాత పురుషోత్తంతో, "ఎదురుగా ఖాళీ ఉండల్ల అన్నావే, అది ఇయ్యప్పా" అని బయటికి నడిచాడు. మాకని తెప్పించిన టీలలో ఆయనది అట్లాగే చల్లారింది.

బస్సులో మాతో కూర్చోలేదు. ముందు సీటులో కూర్చుని కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. అనంత ఒకసారి లేచి పోయి పక్కన నిలబడి, "నాయనా, నేను చెప్పల్ల అనే అనుకున్నాను" అన్నాడు. ఆయన, "పడతావు, కూర్చో" అన్నాడు. అంతే మాట. ఊరు దిగాక ఇంట్లోకి రాకుండా నేరుగా శెడ్డు దగ్గరికి పోయి తలుపు లాగాడు.

అప్పుడు పురుగులు మూడో జ్వరంలో ఉన్నాయి. జ్వరంలో ఉన్నదాన్ని కదిలించకూడదు. అవి లేచి ఆకు ముట్టేదాకా ఆగాడు. ఆలోపల శెడ్డు గోడలకు గోనెసంచులు కుట్టాడు, రేకుల కింద గడ్డి పరిచాడు. అనంత షిఫ్టు నుంచి వచ్చి సాయం పట్టాడు. ఆయన రమ్మనలేదు, వద్దనలేదు. తండ్రీ కొడుకూ తట్టలు మోసుకుంటూ ఎదురెదురు వస్తూ, "చూసుకో" అనీ, "నిదానం" అనీ తప్ప ఇంకేమీ అనుకోలేదు. రేణుని రాయకోటకు పంపి, నేను పడసాల కడిగి సున్నం కొట్టించాను. ఎన్నేళ్ళకో ఆ గదిలో నా మాట నాకే తిరిగి వినబడింది. ఏమీ బాగనిపించలేదు నాకు.

టీవీ వచ్చింది, గోడకు ఎక్కింది. రేణు కూడా వచ్చింది. వారం తిరిగేసరికి మెట్లెక్కినా కూత లేదు. పీల్చే మందు ఇప్పుడు దాచడం లేదు, గూట్లో దువ్వెన పక్కనే పెడుతోంది. అది చూస్తే నాకు నిమ్మళం. మళ్ళీ శెడ్డు వైపు చూస్తే ఆ నిమ్మళం పోయేది.

ఎందుకంటే ఆ ఏడు చలి ముందే దిగింది. కరెంటు గంటల గంటలు పోయేది. శెడ్డులో బల్బు కింద ఉన్న కాస్త వెచ్చన కూడా దానితో పోయేది. ఎన్ని కుంపట్లు పెట్టినా రేకులు మంచుగడ్డలే. నాలుగో జ్వరం నుంచి లేవాల్సిన పురుగులు సగం లేవలేదు. మెత్తబడి, నల్లబడి, తట్ట మీద వేలాడాయి. ఆయన మళ్ళీ గుంత తవ్వాడు. నేను గంప పట్టుకోబోతే ఇయ్యలేదు.

గోవిందప్ప ఆ దారిన పోతూ గుంత దగ్గర ఆగాడు.

"ఏం సోమప్పా, ఇంట్లోనే పెట్టుంటే ఇట్లయ్యుండునా? కోడలికి సినిమా టీవీ కావల్సి వచ్చిందని పురుగుల్ని చలిలోకి తోసినావంట."

నేను దిబ్బ దగ్గర ఉన్నాను, నాకు వినబడింది. రేణుకీ వినబడే ఉంటుంది, కిటికీ తెరిచే ఉంది. మా ఆయన పార ఆపలేదు.

"కోడలికి ఏల? నాకే కావల్ల అనిపించినాది. హోసూరుకు పోయి నేనే చూసి తెచ్చినాను."

"నువ్వా? టీవీనా?"

"ఏమి, నాకు కండ్లు లేవా? పో గోవిందప్పా, పని చూసుకో."

ఆ టీవీ ముందు ఆయన ఒక్కసారి కూర్చున్నది లేదు. పడసాల గడప దాటి లోపలికి వచ్చిందీ లేదు. మిగిలిన పురుగుల దగ్గరే పడక, అక్కడే తిండి. నేను రెండు వాకిళ్ళకీ నడుమ తిరుగుతూ ఉన్నాను. ఈ వాకిట్లో ఒకరి ఊపిరి, ఆ వాకిట్లో ఒకరి పంట. ఏది ఎక్కువని నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పగలను. చెప్పినంత మాత్రాన ఆ గుంత పూడదు.

ఒక రోజు మధ్యాహ్నం నేను సంగటి గిన్నె తీసుకుని శెడ్డుకు పోబోతుంటే రేణు నా చేతిలోది అందుకుంది.

"నేను పోతా అత్తా."

"దుమ్ము..."

"వాకిలి దగ్గరే ఉంటాను."

నేను పెరట్లో నిలబడి చూశాను. శెడ్డు తలుపుకి అవతల, నాలుగు అడుగుల దూరంలో ఆగింది. లోపల ఆయన చీపురు చప్పుడు. పక్కన మనిషి లేడు. గోడ ఉంది, దాని వైపు ఆ పిల్ల తిరగలేదు.

"మామా, సంగటి తెచ్చినాను."

చీపురు ఆగింది.

"ఆడే నిలబడమ్మా. దగ్గరికి రావొద్దు, ఇప్పుడే ఊడ్చినాను" అన్నాడు.

బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. కుండలో నీళ్ళు ముంచి చేతులు కడుక్కుని, తల మీది తువ్వాలు తీసి దూరంగా దులిపి, అప్పుడు వచ్చి గిన్నె అందుకున్నాడు. ఆకు తరిగేటప్పుడు కూర్చునే బండ మీద కూర్చున్నాడు. రేణు పోలేదు. ఆయన పొమ్మనలేదు. తింటున్నంత సేపూ ఇద్దరూ చేను వైపే చూస్తున్నారు.

"ఈ పొద్దు ఆకు ఎంత కోసినారు మామా?" అంది రేణు.

ఆయన ముద్ద మింగి, మూతి తుడుచుకున్నాడు.

"సగమే. ఉండేవాటికి అది చాలు."